తక్కువ లోతే కదా అని దిగితే: లగూన్ డైవింగ్‌లో సమస్యలు, పరిష్కారాలు

లక్షద్వీప్‌లో దక్షిణాన చిట్టచివరి దీవి మినికాయ్. ఎనిమిది డిగ్రీల ఛానెల్‌కీ తొమ్మిది డిగ్రీల ఛానెల్‌కీ మధ్య, ఓడల దారిలో ఉంది. ఆ పగడపు దిబ్బకు తగిలి మునిగిన పాత ఇనుప ఓడల ముక్కలు ఇప్పటికీ నీళ్లలో కనిపిస్తాయి. 1885లో దీపస్తంభం వెలిగింది కూడా ఈ దారిలో వెళ్లే ఓడల కోసమే.

ఇలాంటి చోట లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ లోపలి వైపున్న నీళ్లలో, లోతు పది మీటర్ల లోపే కాబట్టి కొత్తగా స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీళ్లలోకి దిగడం) కోర్సు చేసినవాళ్లు ధీమాగా దిగుతారు. కానీ నీటి ఒత్తిడి రెట్టింపయ్యేది ఆ మొదటి పది మీటర్లలోనే. ఇరవై నుంచి ముప్పై మీటర్లకు దిగితే పెరిగేది మూడో వంతు మాత్రమే. కింది సమస్యల్లో ముఖ్యమైనవాటికి మూలం ఇదే.

రెండు మీటర్లకే చెవి పోటు

చెవి లోపలి గాలి కుంచించుకుని కర్ణభేరిని లోపలికి లాగుతుంది. నొప్పి వచ్చాక ముక్కు మూసి గట్టిగా ఊదితే లాభం లేదు, అప్పటికే చెవిని ముక్కు వెనక భాగంతో కలిపే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఒక మీటరు పైకి రండి, ముక్కు మూసి మెల్లగా ఊదండి, మళ్లీ దిగండి. అసలు నీళ్లలో తల మునగగానే మొదలుపెట్టి అర మీటరుకొకసారి ఊదుతూ దిగితే ఈ బాధే ఉండదు. జలుబు చేసిన రోజు డైవ్ మానుకోండి. మాత్ర వేసుకుని దిగడం నాకు నచ్చదు. దాని ప్రభావం నీళ్లలో ఉండగానే తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక ఇబ్బంది పెడుతుంది.

ఒకచోట నిలవలేకపోవడం, చివర్లో పైకి తేలిపోవడం

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. ముందు పగడం మీద పడిపోతారు, కంగారులో జాకెట్‌లోకి (తేలడానికి గాలి నింపుకునే తొడుగు) గాలి కొడతారు, అరనిమిషంలో బుడగలతో సహా పైన తేలతారు. కారణాలు రెండు.

మొదటిది, మునగడానికి నడుముకు కట్టుకునే బరువు అవసరానికి మించి ఉండడం. ఆ బరువును మోయడానికి జాకెట్‌లో ఎక్కువ గాలి నింపాలి. తక్కువ లోతులో ఒక్క మీటరు పైకి జరిగినా ఆ గాలి బాగా వ్యాకోచిస్తుంది. రెండోది, సిలిండర్. మనకు అద్దెకిచ్చే మామూలు అల్యూమినియం సిలిండర్‌లో నింపిన గాలి బరువే రెండున్నర కిలోల పైన. డైవ్ పూర్తయ్యేసరికి అందులో రెండు కిలోల దాకా ఖర్చయిపోతుంది. మొదట్లో సరిపోయిన బరువు చివర్లో చాలదు.

అందుకే బరువు సరిచూసుకోవాల్సింది డైవ్ అయ్యాక, సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్‌కు (ఒత్తిడి కొలత) తగ్గినప్పుడు. జాకెట్‌లో గాలంతా వదిలేసి నిటారుగా ఉండి, మామూలుగా ఊపిరి పీల్చి ఆపండి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. రాయిలా దిగిపోతే ఒక కిలో తీసేసి మళ్లీ చూడండి. ఈ పరీక్ష తప్ప నీళ్లలో మరెప్పుడూ ఊపిరి బిగబట్టొద్దు. ఒకటిన్నర మీటరు లోతులో నిండా పీల్చి బిగబట్టి పైకొచ్చినా ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు.

ఓడ దగ్గరికి వెళ్లగానే అంతా మసక

తప్పు సముద్రానిది కాదు, కాళ్లకు తొడుక్కునే మన ఫిన్స్‌ది. లగూన్ అడుగున పగడాలు అరిగిన సన్నటి తెల్ల ఇసుక, ఓడ మీద తుప్పు పొడి. కాళ్లు పైకీ కిందికీ కొడితే అదంతా లేస్తుంది. మోకాళ్లు మడిచి కప్ప ఈదినట్టు వెనక్కి తన్నండి, అడుగుకు ఒక మీటరు ఎత్తులో ఉండండి. ఎంత చిన్న ఓడైనా లోపలికి మాత్రం దూరొద్దు, దానికి వేరే శిక్షణ ఉంది.

దిక్సూచి తిక్కగా తిరుగుతోంది

పాడవలేదు. పక్కన టన్నుల కొద్దీ ఇనుము ఉంది. ఓడకు కాస్త దూరం జరిగి చూస్తే ముల్లు దారికొస్తుంది. దిశను ఓడ దగ్గరికి చేరకముందే గుర్తుపెట్టుకోండి.

ఎంత తన్నినా ముందుకు పోవడం లేదు

దిబ్బ మీద విరిగే అలలు లగూన్‌లోకి నీళ్లు తోస్తూనే ఉంటాయి. ఆ నీరు ఎక్కువగా బయటికి పోయేది దిబ్బలో పడవలు తిరిగే సందు గుండానే. అందుకే అలలు పెద్దగా ఉన్న రోజు ఆటుపోట్ల పట్టిక చూసినా లెక్క తప్పొచ్చు. ఎదురీదకండి. ప్రవాహానికి అడ్డంగా పక్కకు జరిగి, అడుగుకు దగ్గరగా రండి, అక్కడ వేగం తక్కువ. సందు దగ్గర దిగే ముందు పడవవాళ్లను అడగడం అన్నిటికన్నా మంచిది.

చర్మం మీద మంట

గోధుమ రంగులో, అంచులు తెల్లగా ఉండే నిప్పు పగడం తగిలితే సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోస్తే చర్మానికి అంటుకున్న విషపు కణాలు ఇంకా పేలతాయి. కడిగాక వెనిగర్ పోయొచ్చు. రుద్దొద్దు. ఓడ రేకుల కింద నీడలో ఉండే లయన్‌ఫిష్ అనే చేప విషపు ముల్లు గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. తర్వాత ఆస్పత్రికి వెళ్లాలి. తుప్పు రేకు గీసుకుంటే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

మాస్క్ లోపల ఆవిరి పడితే ఉమ్ము రాసి కడిగేస్తే చాలు. కొత్త మాస్క్ అయితే ముందు టూత్‌పేస్ట్‌తో లోపలి అద్దం రుద్దండి. ఫొటోలు నీలంగా వస్తే కెమెరా తప్పు కాదు, ఎరుపు రంగు మొదటి కొద్ది మీటర్లలోనే పోతుంది. దగ్గరికి వెళ్లి లైట్ వేయండి. గుర్తుగా పగడం ముక్క తీసుకురావడం మాత్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఒడ్డున ఏరుకున్నదైనా అంతే.

తిరుగు ప్రయాణం

ఒక్క డైవే చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు ఆగాలి. లోతు తక్కువైనా ఇదే లెక్క. మినికాయ్ నుంచి కొచ్చికి ఓడలో వచ్చి హైదరాబాద్ విమానం అందుకునేవాళ్లకు ఈ సమయం చాలావరకు దారిలోనే గడిచిపోతుంది. విమానాశ్రయం ఉన్న అగత్తి దీవిలో పొద్దున డైవ్ చేసి అదే రోజు విమానం ఎక్కాలనుకునేవాళ్లు టికెట్ మర్నాటికి మార్చుకోవాలి.