శాన్‌ఫ్రాన్సిస్కో పాత ఇళ్ల వాక్‌లో ముందు కిటికీలు చూడండి

అమ్మానాన్నలు బే ఏరియా వస్తే అలమో స్క్వేర్ రంగుల ఇళ్ల ముందు ఫోటో ఎలాగూ తప్పదు. అవి పడమర ముఖం ఇళ్లు. మధ్యాహ్నం దాటాక వెళ్తేనే వాటిమీద ఎండ పడుతుంది. గైడ్ వెంట నడిచేటప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు గమనించండి. వాటినిబట్టి ఇల్లు ఏ శైలిదో తెలుస్తుంది: పక్కలు ఐమూలగా ఉంటే సాధారణంగా ఇటాలియనేట్, నలుపలకలుగా ఉంటే స్టిక్, మూలన గుండ్రటి బురుజుంటే క్వీన్ యాన్ (నాకివే ఇష్టం). ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌లోని 1886 నాటి హాస్-లిలియంతల్ ఇల్లు క్వీన్ యానే. 1906 భూకంపం తర్వాతి మంటల్ని వాన్‌నెస్ అవెన్యూ దగ్గర ఆపారు కాబట్టి అది మిగిలింది. జూలై అయినా స్వెట్టర్ ఉండాల్సిందే. పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులుంటే, దారిలో ఎత్తులెన్నో బుక్ చేసేముందే అడగండి.