ఫార్ములాలో బ్రాకెట్ సాగకపోతే ఏం చేయాలి

పెద్ద భిన్నం పక్కన బ్రాకెట్ పొట్టిగా ఉండిపోయిందా? ముందు ఫాంట్ చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. వెబ్ పేజీల్లో ఫార్ములాలు రాసే ట్యాగుల భాష మ్యాథ్ఎంఎల్‌లో బ్రౌజర్ గుర్తును ఊరికే లాగి పొడుగు చేయదు, అలా చేస్తే గీత మందం పాడవుతుంది కదా. మొదట ఒకే ఎంరోలో (ఫార్ములా భాగాలను ఒక వరుసగా కలిపే ట్యాగ్) పక్కనున్న వాటి ఎత్తు కొలుస్తుంది, తర్వాత ఫాంట్‌లోని మ్యాథ్ టేబుల్ (గణిత గుర్తుల సైజులు, ముక్కల వివరాలుండే పట్టిక) తెరిచి అదే బ్రాకెట్‌కి ఉన్న పెద్ద సైజుల్లో సరిపోయేది వెతుకుతుంది, ఏదీ చాలకపోతే ముక్కలు అతుకుతుంది: మీసాల బ్రాకెట్ అయితే పైకొన, నడుమ మొన, కిందికొన, వాటి మధ్య ఎన్నిసార్లైనా వాడుకోగల నిలువు గీత, అతుకు కనబడకుండా అంచులు కాస్త ఒకదానిమీదొకటి.

అందుకే సీఎస్ఎస్‌లో మ్యాథ్ ఎలిమెంట్‌కే ఈ టేబుల్ ఉన్న స్టిక్స్ టూ మ్యాథ్ లాంటి ఫాంట్ పెట్టండి. బ్రాకెట్ ఎంఓలోనే (గుర్తుల ట్యాగ్) ఉండాలి, ఎంఐలో (x లాంటి అక్షరాల ట్యాగ్) రాస్తే సాగదు. సాగడమే వద్దనుకుంటే ఎంఓ ట్యాగ్‌లో స్ట్రెచీ అనే అట్రిబ్యూట్‌ని ఫాల్స్ చేయండి, చాలు.