పక్క గదిలో పూజ, ఈ గదిలో బడి

మా పెద్దదానికి నాలుగో ఏట పలక చేతికిచ్చిన రోజు, ముందు ‘ఓం నమశ్శివాయ’ రాయించమన్నారు మా అత్తయ్యగారు. దేవుడి సంగతులు కలపకుండా చదువు చెప్పాలని నేను అప్పటికే అనుకుని ఉన్నాను. ‘వద్దండీ, ఓనమాలతో మొదలుపెడదాం’ అన్నాను. ఆవిడకి నవ్వాగలేదు. ‘ఓనమాలంటే ఏమిటే పిచ్చిదానా, ఓం నమః అనేగా!’

నిజమే. మన అక్షరాల పేరులోనే దణ్ణం ఉంది. ఇంట్లో మతం లేని చదువు చెప్పుకోవాలనుకునేవాళ్ళు ముందు ఈ సంగతి ఒప్పుకుంటే బోలెడు శ్రమ తప్పుతుంది. భాషలోంచి, ఊళ్ళోంచి, వంటింట్లోంచి దేవుణ్ణి తుడిచేయలేం. నేను రెండేళ్ళు తుడవబోయి భంగపడ్డాను. ఆ కథ తర్వాత చెబుతాను.

మేముండేది విజయవాడ పటమటలో. ఆయనకి ఆటోనగర్‌లో లేత్ పని. పెద్దదానికి ఇప్పుడు 11, చిన్నోడికి 8. నాలుగేళ్ళుగా ఇద్దరికీ బడి ఇంట్లోనే. ‘మతం లేని చదువు’ అనగానే ఇక్కడివాళ్ళు ‘నాస్తిక కేంద్రం వాళ్ళా?’ అంటారు. గోరా గారు, సరస్వతి గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో మా పటమటకే తెచ్చిన సంస్థ అది, అలా అనుకోవడంలో తప్పులేదు. కానీ మేం వాళ్ళం కాదు. మా ఇంట్లో పొద్దున్నే దీపం వెలుగుతుంది, అగరొత్తుల పొగ మా లెక్కల దాకా వస్తుంది.

ముందు కాగితాల సంగతి. అందరికీ మొదటి టెన్షన్ అదే. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. అందులో ఇంటి చదువు ఊసు లేదు. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని మాత్రం ఉంది. అంటే మనం నడిచేది గీత మీద. తెలిసే దిగండి. మధ్యలో మనసు మారితే, అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేరొచ్చు. టెన్త్‌కి ఎన్ఐఓఎస్ (కేంద్రం నడిపే ఓపెన్ స్కూలు) ఉంది, మన రాష్ట్ర ఓపెన్ స్కూలూ ఉంది. 14 ఏళ్ళు నిండాలి. ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, తెలుగు మీడియం కూడా ఉంది. చేరాక ఐదేళ్ళలోపు ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకుంటూ పోవచ్చు. బడి మాన్పించిన రోజే టీసీ తీసుకోండి. మేం ‘తర్వాత చూద్దాంలే’ అనుకుని ఆరుసార్లు తిరిగాం.

పొద్దున 8 నుంచి 11 దాకా చదువు, అంతే. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండకి 6కే కూర్చుని 9కి లేస్తాం. మూడు గంటలు చాలా అంటారు. ఇద్దరు పిల్లలకి ఒక టీచరున్నప్పుడు మూడు గంటలంటే ఎక్కువే. లెక్కలకి, సైన్సుకి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వాడతాం. మిగతావి లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఏరుకున్నవి, జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక పాత సంచికలు.

ఇక నా భంగపాటు. అక్షరాల చార్టులో ‘ఋ–ఋషి, ఐ–ఐరావతం’ మీద కాగితం అంటించి ఋతువు, ఐసు రాశాను. అక్కడితో ఆగితే బాగుండేది. రామాయణ భారతాల బొమ్మల పుస్తకాలు కూడా అటక ఎక్కించాను. పెద్దది తొమ్మిదో ఏట ఒక కథ చదువుతూ ‘అమ్మా, కుంభకర్ణుడి నిద్ర అంటే? కుంభకర్ణుడు మన వాచ్‌మన్ పేరా?’ అని అడిగింది. లంకంత ఇల్లు, భగీరథ ప్రయత్నం, చిత్రగుప్తుడి చిట్టా, ఏదీ తెలీదు. మతం మాట దేవుడెరుగు, పిల్లకి తెలుగే రాకుండా చేస్తున్నాను. ఆ సాయంత్రమే పుస్తకాలు అటక దిగాయి.

ఇప్పుడు రోజూ ఏడింటికి కథలు నానమ్మ డిపార్ట్‌మెంట్. నేను పెట్టిన షరతు ఒక్కటే, ‘కథలో’ అన్న మాట వాడాలి. కథలో హనుమంతుడు సముద్రం దాటాడు. కథలో గంగ జడల్లోంచి దిగింది. బైబిలు కథలు, ఖురాను కథలు కూడా ఇదే లెక్కన చెప్పుకుంటాం. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకి జనం ఎక్కడెక్కడి నుంచో ఎందుకొస్తారో తెలియకుండా ఈ ఊళ్ళో పెరిగితే ఎలా? ఇక ‘కథలో’ అని చేర్చలేని మాట ఎవరన్నా, నానమ్మ అన్నా నేనన్నా, పిల్లలు ‘ఎలా తెలిసింది?’ అని అడగొచ్చు. మా బడికి సిలబస్ అదే.

దిష్టి నీళ్ళ పాఠం మీ ఇంట్లో రేపే చేయొచ్చు. గ్లాసు నీళ్ళలో పావు చెంచా పసుపు కలపండి. శనగగింజంత తమలపాకు సున్నం వేయండి. నీళ్ళు ఎర్రబడతాయి. చూసినవాళ్ళ దిష్టి అందులో దిగిందని మనల్ని చిన్నప్పుడు నమ్మించింది ఈ ఎరుపే. ఇప్పుడు నిమ్మకాయ పిండండి, మళ్ళీ పసుపు రంగుకి వస్తుంది. పసుపులో ఉండే కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే వెనక్కి మళ్ళుతుంది. పులుసుపడ్డ చొక్కాకి సబ్బు రుద్దితే మరక ఎర్రబడేదీ అందుకే. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలతో చింతపండు రసం, మజ్జిగ, వంటసోడా, సబ్బునీళ్ళు అన్నీ పరీక్షించి పట్టిక రాయించండి. సున్నం కళ్ళలో పడకుండా మీరు పక్కనే ఉండాలి. మా అత్తయ్యగారు అంతా చూసి, ‘తెలిసినంత మాత్రాన దిష్టి పోకుండా ఉంటుందా?’ అన్నారు. ఇప్పటికీ తీస్తారు. పిల్లలు నవ్వుతూ నిలబడతారు. నాకేం అభ్యంతరం లేదు.

పండగలూ మానలేదు. వినాయక చవితి పత్రి మాకు వృక్షశాస్త్రం. 21 రకాల పేర్లు పుస్తకంలో ఉంటాయి, బజారు కట్టలో ఎన్ని నిజంగా ఉన్నాయో తేల్చడం పిల్లల పని. గరికకి ఈనెలు సమాంతరంగా ఉంటాయి, మారేడుకి మూడాకులు, ఉమ్మెత్త, గన్నేరు విషం కాబట్టి చేతులు కడుక్కోవాలి.

కొన్ని పాఠాలు మనం పెట్టుకోం, వాటంతటవే వస్తాయి. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కుపుడక అందుకుంటే యుగాంతం అని బెజవాడ పిల్లలందరూ వినే ఉంటారు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని టీవీలో చూసి చిన్నోడు వణికిపోయాడు. అప్పటికే సింగ్ నగర్ నుంచి తడిబట్టలతో వచ్చిన చుట్టాలు ఇంట్లో ఉన్నారు. ‘అదంతా అబద్ధం, పడుకో’ అనడం తేలికే. అక్కాతమ్ముళ్ళని కూర్చోబెట్టి లెక్క వేయించాను. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, 28.3 లీటర్లు. అంటే సెకనుకి సుమారు 3 కోట్ల 23 లక్షల లీటర్లు. మనింటికి వచ్చే 20 లీటర్ల వాటర్ టిన్నులైతే 16 లక్షలు, ఒక్క సెకనులో. తర్వాత మ్యాప్ గీశాం. సింగ్ నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, గట్లు తెగిన బుడమేరు వాగు అని చుట్టాలే వేలుపెట్టి చూపించారు. వాడి భయం పోయిందా అంటే, ముక్కుపుడక భయం పోయింది, 16 లక్షల టిన్నుల భయం కొత్తగా పట్టుకుంది. రెండోది ఉండాల్సిన భయమే.

జీవ పరిణామం పాఠాన్ని మాత్రం పుస్తకం వచ్చేదాకా ఆపకండి. 2023లో కేంద్ర పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి ఆ భాగాన్ని తీసేసింది. 46 మీటర్ల నైలాన్ తాడు కొనండి. మీటరుకి 10 కోట్ల ఏళ్ళు అనుకుంటే అది మొత్తం భూమి వయసు. మేం మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి పరిచాం. ఈ చివర నేటి రోజు. అక్కడి నుంచి 66 సెంటీమీటర్ల దగ్గర డైనోసార్లు అంతరించాయి. మన జాతి మనిషి పుట్టి 3 లక్షల ఏళ్ళు, అంటే 3 మిల్లీమీటర్లు, బియ్యపు గింజలో సగం. ఆటోలవాళ్ళు హారన్ కొట్టి, ఆగి, ఏమిటని అడిగి మరీ వెళ్ళారు.

గ్రహణం సంగతి చెప్పి ఆపుతాను. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అత్తయ్యగారు ఊరగాయ జాడీల మీద, పెరుగు మీద దర్భలు వేశారు. పెద్దది ఒకే పాలు, ఒకే తోడు, ఒకేలాంటి రెండు స్టీలు గిన్నెల్లో పోసి ఒకదానిలోనే దర్భ వేసింది. పొద్దున రెండూ ఒకలాగే తోడుకున్నాయి. ‘దర్భ ఇంట్లో ఉందిగా, రెండింటికీ పనిచేసింది’ అన్నారు ఆవిడ. పెద్దది ఏడుపు మొహం పెట్టింది కానీ నాకు ముచ్చటేసింది. ప్రయోగంలో లోపం పట్టడమంటే అదే కదా. అందుకే 2026 మార్చి 3న, చంద్రుడు గ్రహణంతోనే ఉదయించిన సాయంత్రం, రెండో గిన్నె కింది పోర్షన్ సాయిబు గారింట్లో పెట్టాం. వాళ్ళింట్లో దర్భ ఉండదు. మర్నాడు రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి రుచి చూసి, తేడా లేదని అత్తయ్యగారే ఒప్పుకున్నారు.

సాక్షిగా నోటుపుస్తకంలో సంతకం పెట్టమంది పెద్దది. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని, పేజీ పైన చిన్నగా ‘శ్రీ’ చుట్టి, కింద సంతకం పెట్టారు.

‘నానమ్మా, ఈ శ్రీ ఎందుకు?’

‘అలవాటే.’

‘ఎలా వచ్చింది?’

‘మా నాన్న రాసేవాడు’ అన్నారు. పెద్దది అది కూడా పట్టిక కింద రాసుకుంది.