రెయిడ్‌కు ముందే లూట్ లెక్క తేల్చుకోండి

కడపలో మా మిత్రబృందం ఆదివారం రాత్రుళ్లు ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు ఆడుతుంది. రెయిడ్‌లో, అంటే జట్టుగా చేసే దాడిలో, బాస్ అనే పెద్ద శత్రువు చచ్చేదాకా నిలిచిన ఐకమత్యం, లూట్‌గా, అంటే దక్కే సొత్తుగా, ఒక్క మంచి కత్తి రాలగానే చెదిరిపోవడం పలుమార్లు చూశాక ఈ పద్ధతికి వచ్చాము.

అప్పుడప్పుడూ కలిసేవారికి పాచిక వేసినట్టు 1 నుంచి 100 లోపు అంకె పడే రోల్ చాలు; పెద్ద అంకె పడినవారికే వస్తువు. అయితే ఆ వస్తువును నిజంగా వాడుకునేవారే ముందు రోల్ వేయాలి. అమ్ముకోదలచినవారు, వారెవరూ అడగనప్పుడే వేయాలి.

వారం వారం అదే జట్టు ఆడుతుంటే మాత్రం పాయింట్ల లెక్కే న్యాయం. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ గేము ఆటగాళ్ల మధ్య పుట్టిన డీకేపీ, అంటే డ్రాగన్ కిల్ పాయింట్ల పద్ధతిలో, పాల్గొన్న ప్రతి రెయిడ్‌కూ పాయింట్లు జమ అవుతాయి, తీసుకున్న వస్తువుకు ఖర్చవుతాయి. మా నోటుపుస్తకంలో ఒకరి వరుస ఇలా ఉంటుంది: జమ 60, విల్లుకు ఖర్చు 40, నిల్వ 20. ఇందులో చిక్కేమిటంటే, పాతవారి వద్ద పాయింట్లు గుట్టగా పేరుకుపోయి, కొత్తగా చేరినవారికి నెలలు గడిచినా వంతు రాదు. అందుకే ప్రతి వారం అందరి నిల్వలోనూ పదో వంతు కోత వేస్తున్నాము. మొదట్లో గొణిగినవారిలో నేనూ ఒకడిని.

నియమాలను మొదటి బాస్‌ను తాకకముందే గ్రూపు చాట్‌లో రాసి పెట్టండి. మధ్యలో ఎవరైనా మార్పు కోరితే, అది వచ్చే వారం నుంచే అమలులోకి రావాలి.