చలికాలపు నడకకు పబ్బు నుంచి వెనక్కి లెక్క

ఇంగ్లండ్‌లో చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు డిసెంబరు, జనవరి నెలల్లో మిత్రులతో పల్లెదారుల్లో నడిచి, చివర పబ్బులో వేడివేడిగా భోజనం చేయాలనుకుంటే, బయలుదేరే సమయాన్ని పబ్బు దగ్గర నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం మంచిది. ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌లో డిసెంబరు చివర సాయంత్రం 4 గంటలకే పొద్దు గూకుతుంది. పైగా చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్న భోజనాల తర్వాత సాయంత్రం దాకా వంట ఆపేస్తారు కాబట్టి, ఎన్ని గంటల వరకు వడ్డిస్తారో ముందురోజే ఫోన్‌లో అడిగి తెలుసుకుని, ఎంతమంది వస్తున్నారో చెప్పి ఉంచాలి.

నడకకు పట్టే కాలానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం నేటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అదే ప్రాంతంలో, మాంచెస్టర్, షెఫీల్డ్‌ల మధ్య రైలుమార్గంలో ఉన్న ఈడేల్ అనే ఊళ్లో దిగి, 517 మీటర్ల మామ్ టార్ కొండ ఎక్కి తిరిగి ఆ ఊరికే వచ్చేటప్పుడు నేనైతే ఆ లెక్కకు బురద కోసం ఇంకో గంట తప్పక కలుపుతాను. పొలాల గేట్ల దగ్గర పశువులు తొక్కిన నేలలో బూటు చీలమండ దాకా దిగబడి, ఒక్కో అడుగూ పీక్కోవలసి వస్తుంది.

తలకు కట్టుకునే టార్చి, పొడి మేజోళ్ల జత, ఆ బూట్లు పెట్టుకోవడానికి ఒక పాత సంచి దగ్గర ఉంచుకోండి. పబ్బు గుమ్మంలోనే బూట్లు విప్పి, పొడి మేజోళ్లతో నిప్పుగూటి పక్కన కూర్చోవచ్చు.