ఊరు విడిచినా బస్సు దిగినా, ఇంగ్లీషులో సరైన మాట ఇది

నల్గొండలో డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. 'బయలుదేరాను' అనాల్సి వస్తే చాలు, చాలామంది ఆగిపోతారు. ముందు 'లీవ్' ఒక్కటి గట్టిగా పట్టుకోండి.

'నల్గొండ నుంచి' అనే అలవాటుతో 'ఐ లెఫ్ట్ ఫ్రమ్ నల్గొండ' అంటారు. ఆ 'ఫ్రమ్' తీసేయండి. విడిచే ఊరు 'లీవ్' పక్కనే రావాలి: 'ఐ లెఫ్ట్ నల్గొండ ఎట్ సిక్స్.' పోయే ఊరికి ముందు 'ఫర్' ఉండాలి: 'ఐ లెఫ్ట్ ఫర్ హైదరాబాద్.' ఈ 'ఫర్' మరిచిపోతే అర్థమే తిరగబడుతుంది. ఇంటర్వ్యూ రోజు హెచ్‌ఆర్ ఫోన్ చేస్తే 'ఐయామ్ లీవింగ్ హైదరాబాద్' అన్నారనుకోండి, మీరు ఊరు విడిచి పోతున్నారని అనుకుంటారు. టెన్షన్‌లో జారేది ఇదే, అందుకే పైకి చదివి నోటికి అలవాటు చేయండి. బస్సో రైలో కదిలే చోటు చెప్పేటప్పుడు మాత్రం 'ఫ్రమ్' సరైనదే: 'ది ట్రైన్ లీవ్స్ ఫ్రమ్ ప్లాట్‌ఫామ్ వన్.'

'ఐ స్టార్టెడ్ సర్' అంటే ఇక్కడ అందరికీ తెలుస్తుంది. విదేశీ క్లయింట్‌కు మాత్రం ఏం మొదలుపెట్టారో అర్థం కాదు. 'ఐ హావ్ లెఫ్ట్ హోమ్' అనండి, దారిలో ఉంటే 'ఐయామ్ ఆన్ మై వే'. పొద్దున్నే ప్రయాణం కట్టామని చెప్పడానికి 'వి సెట్ ఆఫ్ ఎర్లీ' చక్కగా ఉంటుంది. 'డిపార్ట్' స్టేషన్ అనౌన్స్‌మెంట్లకు, టైమ్‌టేబుల్‌కు వదిలేయండి. ఇంట్లో మాటల్లో అది అతకదు. పైగా 'ది డిపార్టెడ్' అంటే చనిపోయినవాళ్లు.

దిగడానికి మనకు ఒకటే మాట, ఇంగ్లీషులో రెండు. బస్సు, రైలు, బైకు దిగితే 'గెట్ ఆఫ్'. కారు, ఆటో దిగితే 'గెట్ అవుట్ ఆఫ్'. 'ఐ గాట్ ఆఫ్ ది బస్ ఎట్ నార్కట్‌పల్లి' అనాలి. 'గాట్ డౌన్' మన దేశంలో నడుస్తుంది కానీ ఇంటర్వ్యూలో వద్దు.

రూము ఖాళీ చేస్తే 'వెకేట్', లాడ్జిలో అయితే 'చెక్ అవుట్'. ఉద్యోగం మానేస్తే స్నేహితులతో 'ఐ క్విట్' అనొచ్చు, లెటర్‌లో 'రిజైన్' రాయాలి.

ఇక మన 'పోయొస్త'. గడప దగ్గర ఉత్త 'పోతున్న' అనడం మనకు ఇష్టముండదు, నాకూ ఉండదు. దాన్ని 'ఐ విల్ గో అండ్ కమ్' అని మార్చకండి. సెలవు తీసుకుంటే 'ఐ షుడ్ గెట్ గోయింగ్, సీ యూ' చాలు. కిరాణా కొట్టుకు పోయి నిజంగానే కాసేపట్లో వస్తారా, అప్పుడు 'ఐ విల్ బి బ్యాక్ ఇన్ టెన్ మినిట్స్' అనండి.