సంఘంలో మనస్పర్థలు వస్తే ఎలా సరిచేసుకోవాలి?

చాలా క్రైస్తవ సంఘాల్లో చీలిక బోధ దగ్గర మొదలవదు. ఒకరి మాటకు ఇంకొకరు నొచ్చుకుంటారు. ఆ సంగతి అన్నవాళ్లకు తప్ప మిగతా అందరికీ చెబుతారు. కొన్నాళ్లకు రెండు గుంపులు తయారవుతాయి. అందుకే ఐక్యత కోసం చేయాల్సిన మొదటి పని, ఎవరి వల్ల బాధ కలిగిందో ముందుగా వాళ్లకే చెప్పడం. మత్తయి సువార్త 18:15-17లో యేసు చెప్పిన వరుస కూడా ఇదే. ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి.

1. ముందు ఒంటరిగా మాట్లాడండి

ఆరాధన అయిపోయాక గుమ్మం దగ్గర, నలుగురూ చూస్తుండగా నిలదీయకండి. వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్ పెట్టకండి, అందులో గొంతు వినపడదు. "మీతో ఒక విషయం మాట్లాడాలండీ, ఎప్పుడు వీలవుతుంది?" అని ఫోన్ చేసి అడగండి.

కూర్చున్నాక జరిగిన ఒక్క సంగతే చెప్పండి. పాటల బృందంలోంచి మీ పేరు తీసేశారనుకుందాం. "మీకెప్పుడూ మీవాళ్లే కావాలి" అంటే అవతలివాళ్లు వాదనకు దిగుతారు. "ఈసారి లిస్టులో నా పేరు లేదు, ఎందుకో తెలియక బాధపడ్డాను. ఏం జరిగింది?" అని అడిగితే జవాబు వస్తుంది. మీకు ఒంట్లో బాగాలేదని ఎవరో చెబితే తీసేశారేమో! తప్పు మీదని తేలితే అక్కడే క్షమాపణ అడగండి, "కానీ" అనే మాట జోడించకండి.

ఎవరైనా మీ దగ్గరికి ఫిర్యాదుతో వస్తే "ఈ మాట వాళ్లతో అన్నారా?" అని అడగండి. ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి ఇంటి గుట్టు నలుగురికీ చెప్పడం కూడా చాడీయే. ప్రార్థన చేయడానికి అన్ని వివరాలూ అక్కర్లేదు.

ఒక్క మినహాయింపు ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కొట్టడం, లైంగిక వేధింపు, పిల్లలకు హాని లాంటివి జరిగితే బాధితులను ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా పంపకూడదు. ముందు వాళ్లను కాపాడాలి, పోలీసులకు చెప్పాలి. సంఘం పరువు కోసం నేరాన్ని దాచడాన్ని ఐక్యత అనరు.

2. మధ్యవర్తిని జాగ్రత్తగా ఎంచుకోండి

మీ పక్షం మాట్లాడేవాళ్లు వద్దు, ఇద్దరికీ గౌరవం ఉన్నవాళ్లు కావాలి. ఫిలిప్పీ సంఘంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడలేదు. అపొస్తలుడైన పౌలు ఆ సంఘానికి రాసిన ఉత్తరంలో ఇద్దరినీ పేరుపేరునా బతిమాలాడు, వాళ్లకు సాయం చేయమని మరొకరిని కోరాడు. తప్పు ఎవరిదో ఆ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఇద్దరూ సువార్త కోసం తనతో కష్టపడినవాళ్లని మాత్రం గుర్తుచేశాడు. మధ్యవర్తి మాటతీరు ఇలాగే ఉండాలి.

3. పెద్దలు గొణుగుడును కొట్టిపారేయకూడదు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. తొలి సంఘంలో రోజూ జరిగే ఆహార పంపిణీలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. సంఘాన్ని నడిపిస్తున్న యేసు శిష్యులు, అంటే అపొస్తలులు, వాళ్లను గద్దించలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నాకు ఇది చాలా గొప్ప నిర్ణయంగా కనిపిస్తుంది. మీ సంఘంలో కూడా "మమ్మల్ని పట్టించుకోవడం లేదు" అంటున్నవాళ్లకు బాధ్యత ఇచ్చి చూడండి. పదవులన్నీ ఒకే కుటుంబంలో ఉంటే ఎంత మంచివాళ్లనైనా జనం అనుమానిస్తారు.

కానుకల విషయంలోనూ అంతే. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఇద్దరు కలిసి లెక్కపెట్టి, రాసి, సంతకం చేయాలి. నెలనెలా లెక్క సంఘానికి చదివి వినిపించాలి. పౌలు అంతటివాడే యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా సహోదరులను తోడుగా పెట్టుకున్నాడు.

4. అన్నింట్లో ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి

పాటల వేగం, ఆరాధన సమయం, కొన్ని ఆహార నియమాలు విశ్వాసానికి పునాదులు కావు. రోమా పత్రిక 14వ అధ్యాయం ఇలాంటివాటిలో ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దంటుంది.

5. అన్నీ చేసినా కుదరకపోతే

మార్కు అనే సహచరుణ్ణి మళ్లీ వెంట తీసుకెళ్లాలా వద్దా అని పౌలు, అతని తోటి పనివాడు బర్నబా గట్టిగా వాదించుకుని విడిపోయారు. తర్వాత అదే మార్కు తన పరిచర్యకు ఉపయోగపడతాడని, వెంటబెట్టుకుని రమ్మని పౌలు తన శిష్యుడు తిమోతికి రాశాడు. కాబట్టి ఎవరైనా వేరే సంఘానికి వెళ్తుంటే ప్రసంగంలో వాళ్లను దెప్పకండి. తాళాలు, లెక్కలు సవ్యంగా అప్పగించుకోండి, ప్రార్థన చేసి పంపండి. ఎక్కడైనా ఎదురుపడితే పలకరించండి. తిరిగి వస్తే పాత గొడవ నలుగురిలో ఎత్తకండి.